సాయంకాలము రాని శిష్యుడు

మహాభారతము ఆదిపర్వమున ధౌమ్యమహర్షి శిష్యుల కథలు కలవు. అందు ఉపమన్యుని వృత్తాంతమును గురుభక్తికి నిదర్శనముగా మన పాఠశాలలలో బాలురకు చెప్పుచుందురు. గోవులను కాయ నియుక్తుడైన ఆ బాలుడు భిక్ష తెచ్చుకొని తినుచుండగా, ఆ భిక్షను తన కొప్పగింపుమని గురువు శాసించెను. మరల భిక్షకు పోగా, ఇతరుల భిక్షకు అడ్డగుచున్నావని మందలించెను. ఆవుపాలు త్రాగగా వలదనెను. దూడల మూతినుండి జారు నురుగు త్రాగగా, అవి జాలిగొని ఎక్కువ నురుగు విడుచునని దానిని సైతము నిషేధించెను. ఆకలికి తాళజాలక బాలుడు జిల్లేడాకులు నమిలి, చూపు కోల్పోయి, దారి గానక పాడునూతిలో పడెను. అశ్వినీదేవతలను స్తుతించి తిరిగి చూపును పొందుటతో కథ శుభాంత మగుచున్నది.

ముప్పది యేండ్లకు పైబడి నేను ఈ కథను పాఠము చెప్పితిని. నూతిలో నుండి ఉపమన్యుడు చేసిన స్తుతి యొద్ద గొంతు పెంచి, గురువాక్య పరిపాలనమను మాటతో ముగించెడివాడను. నడుమ నున్న ఒక చిన్న సన్నివేశమును మాత్రము వడిగా దాటిపోయెడివాడను. ప్రొద్దు గ్రుంకినది. ఉపమన్యుడు ఆశ్రమమునకు రాలేదు. అప్పుడు గురువు తక్కిన శిష్యులతో, తాను వానిని అన్నిటినుండి వారించితిననియు, వాడు తప్పక అలిగి యుండుననియు, అందుచేతనే యింకను రాలేదనియు పలికి, వారిని వెంటబెట్టుకొని అడవికి పోయి, పేరుపెట్టి పిలిచెను. ఆ పిలుపు విని నూతినుండి బాలుడు బదులు పలికెను. గురువు పిలువకున్న అశ్వినీదేవతల స్తుతి యెక్కడిది? ఆ స్తుతి చేయుమని నూతిగట్టున నిలిచి చెప్పినవాడు కూడ ఆ గురువే గదా!

విద్యార్థులకు ఆదరువు కల్పించుటను గూర్చి ఈనాడు సభలలోను పత్రికలలోను చాల మాటలు వినవచ్చుచున్నవి. భోజనము, వసతి, రుసుము, వెనుకబడిన వానికి ప్రత్యేకముగ పాఠములు, మనస్సు క్రుంగినవానికి సలహాదారులు. ఇవి దానమా, ప్రభుత్వకృత్యమా యను చర్చ యొక ప్రక్కన ఉండనిండు. నన్ను కలచు ప్రశ్న వేరొకటి. అడిగినవానికి ఇచ్చినంతమాత్రమున మన ధర్మము తీరునా? అడుగలేనివానిని వెదకుకొని పోవలసిన భారము ఎవరిది?

మన ధర్మశాస్త్రములు బ్రహ్మచారికి భిక్షను వృత్తిగా విధించినవి. ఉపనయన సమయమున వటువు మొదటి భిక్షను తల్లినిగాని, తోబుట్టువునుగాని, తల్లి తోబుట్టువునుగాని, తన్ను అవమానింపని స్త్రీనిగాని అడుగవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ చివరి విశేషణమును చూడుడు. చేయి చాచు బాలునకు కలుగగల అవమానమును శాస్త్రకారుడు ముందే యెరుగును. భిక్షావృత్తి ఉపవాసముతో సమానమనియు, బ్రహ్మచారి యొక్కని అన్నమునే తినుచుండరాదనియు కూడ ఆ గ్రంథముననే కలదు. ఒక్కని అన్నము తినువాడు ఆ యొక్కనికి లోబడును. పదియిండ్ల అన్నము తినువాడు ఎవ్వనికిని దాసుడు కాడు, ఊరికంతటికి బిడ్డ యగును. తుమ్మెద పూవును నొప్పింపక తేనె గ్రహించునట్లని దీనికి మాధుకరమని పేరు.

మా కళింగాంధ్ర ప్రాంతమున ఈ ధర్మము వారముల రూపమున చిరకాలము నిలిచినది. ఈ తరమువారికి వారములనగా తెలియకపోవచ్చును. ఊరికి చదువుకొన వచ్చిన పేదబాలుడు ఆదివారము ఒక యింట, సోమవారము మరియొక యింట, ఇట్లు ఏడుదినములకు ఏడిండ్లు కుదుర్చుకొని భోజనము చేయుచు చదువుకొనెడివాడు. నేనును ఆరిండ్ల అన్నము తిని శబ్దమంజరి మొదలు కౌముది వరకు చదివినవాడనే. ఏడవది దొరకలేదు, గురువారము అటుకులతో గడచెడిది. సోమవారపు ఇంట పనసపొట్టు కూర, ఆవ పెట్టిన అరటికాయ. శుక్రవారపు ఇంట దబ్బకాయ ఊరగాయయు పలుచని మజ్జిగయు తప్ప వేరొకటి ఉండెడిది కాదు. అయినను శుక్రవారము కొరకే నేను ఎదురుచూచెడివాడను. ఏలయన, ఆ యింటి ముసలమ్మగారు వడ్డించుటకు ముందు నా ముఖమును ఒకమారు పరికించి చూచెడివారు. “ఏమిరా నాయనా, రాత్రి నిద్రపోలేదా? ఇంటినుండి ఉత్తరం రాలేదా?” అని యడిగెడివారు. చదువు పేరైన ఎరుగని ఆమెకు, పాఠము నాకు అందని దినము నా విస్తరిని చూడగనే తెలిసిపోయెడిది. ఇంకొక యింటి యజమాని నేను పీటపై కూర్చున్న పిమ్మట శబ్దరూపములు ఒప్పజెప్పుమని, ఒప్పజెప్పినగాని అన్నము వడ్డింపనీయకుండెను. వారు చెడ్డవారు కారు, నా చదువు బాగుపడవలెననియే వారి కోరిక. కాని ఆ యింట నేను ఎన్నడును కడుపునిండ తినలేదు.

పెద్దవాడనైన తరువాత నాకు స్ఫురించిన దొకటి కలదు. వారములలో అన్నము సగమే. తక్కిన సగము ఏడిండ్లవారి చూపు. మంగళవారము బాలుడు రాకపోయినచో, బుధవారపు ఇంటివారిని గుడివద్ద చూచి “పిల్లవాడు మీ యింటికి వచ్చినాడా?” అని యడుగు గృహిణి యుండెడిది. ఎవ్వరును నియమింపని కాపలా అది. దానికి జీతము లేదు, పుస్తకములో సంతకము లేదు.

ఈ విషయమున విజయనగరమునకు గల చరిత్ర గొప్పది. గురజాడ అప్పారావుగారు చీపురుపల్లిలో మొదటి చదువులు ముగించి, తండ్రి గతించిన పిమ్మట నిరాధారులై విజయనగరము చేరిరి. వారములు చెప్పుకొని చదువుకొను ఆ బాలుని మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు గుర్తించి, ఉచితముగ వసతియు భోజనమును కల్పించిరి. ఆ బాలుడు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. ముగించి, ఆ 1884లోనే మహారాజావారి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ప్రిన్సిపాలుగారికి కళాశాల పరిపాలనమను పెద్ద భారము కలదు. బాలుని తిండి వారి ఉద్యోగ విధులలోనిది కాదు. అయినను చూచిరి. గురజాడవారి రచనలను తెలుగువారందరు తలచుదురు. ఆ ప్రిన్సిపాలుగారిని తలచువారు మా ఊర కూడ కొందరే. (గురజాడవారును, వారి సహాధ్యాయులు గిడుగు రామమూర్తిగారును వాడుకభాషకై పోరాడిన మహనీయులు. వారిని గూర్చి నేను ఈ గ్రాంథికమున వ్రాయుట చూచి వారు నవ్వుకొనిన నవ్వుకొందురు గాక. నాకు అబ్బిన భాష ఇది.)

సంగీత కళాశాల పుట్టుక మరియొక నిదర్శనము. ఆస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు అంధుడు, అతనికి సంగీతమందు అభిరుచి మెండు. ఆ యొక్క బాలుని అక్కర కంటబడగా విజయరామగజపతి మహారాజుగారు 1919లో ఒక గానపాఠశాలనే నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వేంకటస్వామినాయుడుగారు అందు వాయులీనాచార్యులు. ఒక్కని చూచి తెరచిన ద్వారమున తరువాత ఎందరో ప్రవేశించిరి. వారిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఒకరు. ఆయన బాల్యమున విజయనగరము చేరి నిలువనీడ లేక ఎల్లమ్మగుడిలో తలదాచుకొనియుండగా, పట్రాయని సీతారామశాస్త్రిగారు చూచి తమ యింటికి తీసికొనిపోయి సంగీతము చెప్పిరి. శాస్త్రిగారు స్వయముగ పేదలు. శిష్యునకు రెండుపూటల అన్నము పెట్టలేక మాధుకరము చేయుమనిరి. జోలె భుజమున వేసికొని ఆ బాలుడు విజయనగరము వీథులలో తిరిగి తెచ్చుకొన్న అన్నమే ఆ గానమునకు మూలధనము. ఇక్కడను మొదట జరిగినది యేమి? గుడిలో కూర్చున్న ఒక అపరిచిత బాలుని ఒక పెద్దమనిషి ఆగి “ఎవరు నాయనా నీవు?” అని విచారించుట.

అయితే ఈ ఆచారమునకు నేను బంగారుపూత పూయబోను. ఆ ఏడిండ్ల అరుగులు ఒక్క కులపు బాలురకే సులభముగ తెరచుకొన్నవి. మా అగ్రహారమునకు కోసెడు దూరమున నున్న పల్లెలో అంత తెలివిగల బాలుడే యుండి యుండును. వానికి ఏడిండ్లు లేవు, ఒక్క యిల్లును లేదు. పాఠశాల గడపయే లేదు. ఆ లోపమును సంప్రదాయము పేరిట కప్పిపుచ్చుట సత్యమునకు ద్రోహము. గిడుగువారు దీనిని మనకన్న ముందు గ్రహించిరి. శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించి, పండ్రెండేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయి, విజయనగరమున చదువు సాగించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. అచట కొండలనుండి దిగివచ్చు సవరలను చూచి, వారి భాష తెలిసినవానిని తమ యింటనే ఉంచుకొని ఆ భాష నేర్చి, సొంత ధనముతో సవరలకు వారి భాషలోనే బడులు పెట్టిరి. బడికి రాని పిల్లవానిని నిందింపక, బడినే వాని భాషలోనికి నడిపించినవారు. పిలుపు అనగా ఇది.

స్వతంత్రభారతమున సాంఘిక సంక్షేమ వసతిగృహములు, గిరిజన వసతిగృహములు, విద్యార్థివేతనములు వచ్చినవి. ఉమ్మడి రాష్ట్రమున 2008లో బోధనారుసుముల చెల్లింపు పథకము ఆరంభమైన పిమ్మట, తాతతండ్రులు కళాశాల ముఖము చూడని యిండ్లనుండి బాలబాలికలు పెక్కుమంది పైచదువులకు వచ్చిరి. శ్రీకాకుళము జిల్లా ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది. విజయనగరమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము 2019లో ఆరంభమైనది. ఏడిండ్లు చేయలేని పనిని ఈ వ్యవస్థ చేసినది. అందరికి గడప తెరచినది. ఇది సామాన్యమైన పుణ్యము కాదు.

కాని వారములలోని ఆ రెండవసగము, ముసలమ్మగారి చూపు, ఎక్కడ తప్పిపోయినది? వసతిగృహమున హాజరు తీయుదురు. వ్రేలిముద్ర వేసిన బాలుడు ఉన్నట్లు లెక్క. వాడు అన్నము తినుచున్నాడా కెలుకుచున్నాడా యని యంత్రము చెప్పదు. కొండయూరి నుండి వచ్చి ఆంగ్లమున పాఠము అర్థము కాక చివరి వరుసలో తల వంచుకొని కూర్చున్నవాడు ‘హాజరు’ అనియే పలుకును.

విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుచు 2023 జూలైలో మరణించిన ఒక బాలిక విషయమున ఆమె తండ్రి న్యాయస్థానముల నాశ్రయించెను. ఆ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికి వర్తించు మార్గదర్శకములను వెలువరించినది. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల సలహాదారుగాని మనస్తత్త్వవేత్తగాని ఒక్కరైన నుండవలెను. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు జట్లుగా విడదీయుట, నలుగురిలో అవమానించుట శిక్షణసంస్థలు మానవలెను. మనోవ్యథ లక్షణములను గుర్తించుటలో ఉపాధ్యాయులకు, సిబ్బందికి సంవత్సరమునకు రెండుమారులైన శిక్షణ ఈయవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ అను సహాయ దూరవాణి, 14416 అను సంఖ్య, వసతిగృహములలో పెద్ద అక్షరములతో ప్రదర్శింపవలెను. పత్రికలో ఇది చదివినప్పుడు నాకు శాస్త్రమున విధివాక్యము చదివినట్లే యుండెను. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి ఒకడు న్యాయస్థానముల మెట్లెక్కినగాని ఇంత చిన్న ధర్మము మనకు విధిగా రాకపోయెను గదా యని మనస్సు కలుక్కుమన్నది.

ఈ మాట యెత్తినప్పుడు నా యీడువారు కొందరు కోవెల మండపమున నాతో వాదింతురు. “మేము ఆకలితో, వీథిదీపముల క్రింద చదివి పైకి రాలేదా? ఈనాటివారు సుకుమారులు, మాట పడలేరు” అందురు. నేనును కొంతకాలము అట్లే యనుకొంటిని. కాని ఒక్కటి ఆలోచింపుడు. అట్లు పైకి వచ్చినవారే నేడు మండపమున కూర్చుండి ఆ మాట చెప్పుచున్నారు. నూతిలో పడినవారు సభకు రారు. వారి సాక్ష్యము లేకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు.

అడుగకయే ఇచ్చినచో పిల్లలు ఆశపోతులగుదురని మరికొందరి భయము. రఘువంశము అయిదవ సర్గమున కౌత్సుని కథ వారికి సమాధానము. గురుదక్షిణకై పదునాలుగు కోట్లు యాచింప వచ్చిన కౌత్సుడు, విశ్వజిద్యాగమున సర్వస్వము ఇచ్చివేసిన రఘుమహారాజు చేత మట్టిపాత్రను చూచి, అడుగకయే మరలబోయెను. రాజు వానిని ఆపి, పనియేమని విచారించెను. కుబేరుడు కురిపించిన బంగారమంతయు తీసికొమ్మని రాజు పట్టుబట్టెను, గురువునకు ఈయవలసినదానికి మించి ఒక్క కాసును ముట్టనని శిష్యుడు పట్టుబట్టెను. అయోధ్యాపురవాసులు ఇరువురిని మెచ్చిరి. యోగ్యుడైనవాడు ఎక్కువ అడుగడు. తక్కువయే అడుగును. తరచు అసలే అడుగడు. చిక్కంతయు అచ్చటనే.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి వెళ్ళు శిష్యునకు గురువు చెప్పిన బోధలో ఈవిని గూర్చి పలుమాటలు కలవు. శ్రద్ధతో ఈయవలెను, సిగ్గుతో ఈయవలెను, భయముతో ఈయవలెను, ఎరుకతో ఈయవలెను. ఇచ్చువానికి సిగ్గేల యని విద్యార్థులు నన్ను అడిగెడివారు. ‘ఇంతకన్న ఈయలేకపోతినే యను లజ్జ’ యని సంప్రదాయానుసారముగ చెప్పెడివాడను. ఆ మాటకు వేరొక అర్థమును నేను ఒక శిష్యుని వలన నేర్చితిని. దానిని వ్రాయుటకు ఇంతకాలము వెనుకాడితిని.

1991 ప్రాంతమున నేను ఒక పాఠశాలలో వ్యాకరణము చెప్పుచుంటిని. వంశధారా తీరమునుండి వచ్చిన ఒక బాలుడు నా తరగతిలో నుండెను. సంధులు వానికి కొట్టినపిండి. అప్పటికి వారముల ఆచారము క్షీణించి, రెండుమూడిండ్లు మాత్రము మిగిలియుండెను. వాడు ఆ యిండ్లలో తినుచు, మిగిలిన దినములు తానే గదిలో వండుకొనుచుండెను. ఒక సోమవారము వాడు తరగతికి రాలేదు. పట్టికలో సున్న చుట్టితిని. మరునాడును సున్న చుట్టితిని. ఇట్లు నియమితమైన దినములు గడచిన పిమ్మట, నిబంధన ననుసరించి వాని పేరు కొట్టివేసితిని. ఆరిండ్ల అన్నము తిని పెరిగినవాడను, వాని గది నా యింటికి రెండు వీథుల అవతలనే యుండినను, పోయి తలుపు తట్టలేదు. చదువుపై శ్రద్ధ సన్నగిల్లినదని నాలో నేను తీర్పు చెప్పుకొంటిని. అది నాకు సుఖముగ నుండెను.

ఇరువదియేండ్లు దాటిన పిమ్మట, రథసప్తమినాడు అరసవిల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనమునకు పోయితిని. ఒక సత్రము వంటశాల ముందు నుండి వచ్చుచుండగా, గరిటె చేతబట్టిన నడివయస్కుడొకడు నన్ను పోల్చి, పరుగున వచ్చి పాదములకు నమస్కరించెను. పెండ్లిండ్లకు, ఉత్సవములకు వంటలు చేయువారి బృందమున పెద్దవాడట. నేను కంఠము సవరించుకొని, “నాడు చెప్పకుండ ఎందుకు వెళ్ళితివి?” అని యడిగితిని. అప్పటికైన నా మాటలో దోషము వానిదే!

వాడు నొచ్చుకొనలేదు. బుధవారపు ఇంటివారు బరంపురమునకు బదిలీయై వెళ్ళిపోయిరట. శనివారపు ఇంట పెద్దామె గతించెనట. ఊరినుండి బియ్యము రాలేదట. “ఇంకొకరిని అడగడానికి సిగ్గేసింది, గురువుగారూ. మీరెవరినైనా పంపిస్తారేమోనని నాలుగు రోజులు గది తలుపు తీసే ఉంచేను. అయిదోరోజు రైలెక్కి వెళిపోయేను” అనెను.

నాకు మాట రాలేదు. మంటపై గుండిగ ఉడుకుచుండెను. వాని పిల్లలు చదువుకొనుచున్నారని, పెద్దది శ్రీకాకుళమున డిగ్రీలో చేరినదని ఏదో చెప్పుచుండెను. వినుచు నిలిచితిని. అంతలో వాడు మాట ఆపి నా ముఖమును ఒకమారు పరికించి చూచెను.

“గురువుగారూ, మీరు భోంచేసేరా?”

లేదంటిని. నీడ చూచి విస్తరి వేసెను.